దుప్పట్లు చూపిన గాలి

"గడియారం గోపురం కిటికీలో శత్రుముఠా షూటర్ ఉన్నాడు," వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు. "శాంతి ఒప్పందానికి వస్తున్న దూత కారు దిగి మెట్లెక్కేలోపు వాడు పడిపోవాలి. ఓవర్."

ఏజెంట్ డేగ పెయింటర్ వేషంలో నీళ్ళ ట్యాంకు మీద బోర్లా పడుకున్నాడు. పక్కనే టెలిస్కోప్‌తో గాలి చూసే స్పాటర్. ఆమె అతనికి స్వయానా వదిన. గోపురం కిలోమీటరు దూరం. అంత దూరంలో బుల్లెట్‌ను గాలి పక్కకు నెట్టేస్తుంది. గాలి వచ్చే వైపుకే గురి జరపాలి.

"కుడి నుంచి ఎడమకి వీస్తోంది. గురి కుడికి జరుపు మరిదీ."

ఇయర్‌ఫోన్‌లో తీయని గొంతు పలికింది. హోటల్ గాయని, తమవైపు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. గోపురం పక్క మేడ మీద ఉంది. "డార్లింగ్, ఇక్కడ గాలి నీ ఎడమ నుంచి కుడికి. నా స్కార్ఫే సాక్షి."

"గోపురం దగ్గరున్నది ఆవిడ. ఆవిడకి తెలీదా?" అన్నాడు డేగ.

"నిన్న పాట విన్నావ్, ఇవాళ మాటా వినేస్తున్నావ్. మధ్యలో ఏముందో చూడవయ్యా!"

"వదినా, ఇది వంటిల్లు కాదు."

ఆమె కన్ను మళ్ళీ టెలిస్కోప్‌కు ఆనించింది.

గురి ఎడమకు జరిపి కాల్చాడు. బుల్లెట్ ఇంకా ఎడమకు కొట్టుకుపోయి పక్క కిటికీ రెక్కను పగలగొట్టింది. షూటర్ చటుక్కున వంగాడు. ఇయర్‌ఫోన్‌లో చిన్న నవ్వు.

డేగ ముఖం కందగడ్డలా అయింది. అప్పుడు చూశాడు, మధ్యలో ఉన్న లాండ్రీ పెరడు. తాళ్ళ మీద దుప్పట్లన్నీ ఎడమకే ఎగురుతున్నాయి. గాయని అబద్ధం చెప్పలేదు. గోపురం గోడకు కొట్టుకుని అక్కడ మాత్రం గాలి వెనక్కి తిరుగుతోంది. కానీ దారి పొడుగునా బుల్లెట్‌ను నెట్టేది ఈ దుప్పట్లు చూపే గాలే. శిక్షణలో కొత్తవాళ్ళకు ఈ పాఠం చెప్పేది తనే.

కింద కారు తలుపు తెరుచుకుంది. దూత మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. కిటికీలో రైఫిల్ మళ్ళీ లేచింది.

"వదినా..." అంటూ డేగ మళ్ళీ గురి పట్టాడు.

అతను సిగ్గుపడటం ముగించేదాకా ఆమె ఆగలేదు. "కుడికి. ఇంకొంచెం. దుప్పట్లు నిండా లేచాయి. కొట్టు!"

షూటర్ వెనక్కి పడ్డాడు. దూత టోపీ సర్దుకుని మెట్లెక్కాడు.

"శభాష్ డేగా!" అన్నాడు చీఫ్. "నిన్ను తప్పుదారి పట్టించిన గాయని శత్రుముఠా మనిషే, పట్టుకున్నాం. మరి ఆ మొదటి బుల్లెట్ ఏంటి?"

డేగ తలొంచుకుని టెలిస్కోప్ మూత కోసం వెతకసాగాడు. మూత అతని చేతిలోనే ఉంది.

వదిన మైకు అందుకుంది. "లోపల ఎవరైనా ఉన్నారేమోనని కిటికీ తట్టి చూశాం సార్. ఓవర్."

డేగ తల ఇంకా కిందికి దిగింది.

"పద మరిదీ," అంది ఆమె టెలిస్కోప్ సర్దుతూ. "ఇవాళ వంటిల్లు నీది. స్టవ్ వెలిగించేముందు మాత్రం గాలి ఎటుందో నన్నడుగు."