గడ్డకట్టిన ఇంజెక్షన్

సీసా ఉంది. సీల్ చెదరలేదు. లోపల మందు మాత్రం విరిగిన పాలలా ముక్కలై ఉంది.

ఉదయం ఎనిమిదింటికి తిరువూరులోని ఒక నర్సింగ్ హోమ్‌లో అడుగుపెట్టగానే ఎస్సై గీతాంజలికి డాక్టర్ వంశీకృష్ణ కేకలు వినిపించాయి. క్యాన్సర్ పేషెంట్ శ్రీవల్లికి ఈ రోజే ఎక్కించాల్సిన మందట. నైట్ డ్యూటీ నర్సు గ్లోరి దాన్ని ఫ్రీజర్‌లో పడేసి పాడుచేసిందట. కేసు పెట్టి తీరాలని ఒకటే గోల.

"నేను ఫ్రిజ్ కింది అరలోనే పెట్టాను మేడమ్," అంది గ్లోరి. ఆమెను అప్పటికే ఉద్యోగంలోంచి తీసేశారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"గడ్డకడితే ఏమవుతుంది డాక్టర్?"

"కంటికి కనపడని కొవ్వు గోళాల్లో మందు నింపారండి. నానో కణాలంటారు. అవి కణితి దగ్గరికి చేరాక మందు వదులుతాయి. చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. కడితే గోళాలు పగిలిపోతాయి. ఇదిగో, గడ్డకడితే తెలియడానికి అంటించిన ఫ్రీజ్ ఇండికేటర్ రంగు మారింది."

మందు వచ్చిన థర్మాకోల్ పెట్టె మూతకి బంతిపూరేకు ఒకటి అంటుకుని ఉంది. ఆసుపత్రిలోకి పూలే రానివ్వనని డాక్టర్ దాన్ని చిరాగ్గా దులిపేశాడు.

గీతాంజలి అందర్నీ అడిగింది. మెడికల్ షాపు హనుమయ్య సాయంత్రం ఐదింటికి గ్లోరి డ్యూటీ ఎక్కగానే మందు బాగానే ఆమెకి అప్పజెప్పానన్నాడు. శ్రీవల్లి భర్త గిరిబాబుది పక్క వీధిలోనే టెంట్ హౌస్, షామియానాలూ జనరేటర్లూ అద్దెకిస్తాడు. రాత్రంతా బెంచీ మీద పడుకున్నాననీ, ఏమీ చూడలేదనీ అన్నాడు. ఎవర్ని కదిపినా తెలీదండీ అనే సమాధానమే. పదిన్నర దాటింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెమట తుడుచుకుంటూ ఫ్యాన్ వెయ్యమంది.

"కరెంటు లేదు మేడమ్. రాత్రి ఏడింటికి గాలివానకి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఇంకా బాగుచేస్తూనే ఉన్నారు," అన్నాడు కానిస్టేబుల్.

గీతాంజలి తల పట్టుకుంది. రెండున్నర గంటలుగా ఇదెందుకు తట్టలేదని తన మీద తనకే కోపమొచ్చింది.

అందర్నీ వార్డు బయట కూర్చోబెట్టింది.

"ఇక్కడి ఇన్వర్టర్ ఆపరేషన్ థియేటర్‌కే. అంటే ఈ ఫ్రిజ్ రాత్రంతా ఆగిపోయే ఉంది. ఆగిన ఫ్రిజ్‌లో మందెలా గడ్డకడుతుంది? ఇక్కడ కట్టలేదు. నిన్న రాత్రి ఈ చుట్టుపక్కల జనరేటర్ నడిచింది ఎక్కడ?"

గీతాంజలి గిరిబాబు వైపు తిరిగింది.

"టెంట్ హౌస్‌లో," ఆమే చెప్పింది. "శవాల్ని ఉంచే ఫ్రీజర్ బాక్స్ మీ దగ్గరే అద్దెకిస్తారు కదా గిరిబాబు గారూ. దండల్లోంచి రాలిన బంతిరేకులు అందులోనే ఉంటాయి."

గిరిబాబు వార్డు తలుపు వైపు చూశాడు.

"మెల్లగా మేడమ్. మా ఆవిడ వింటుంది."

గొంతు తగ్గించి జరిగింది చెప్పాడు. గ్లోరి కాన్పు కేసులో ఉండగా ఫ్రిజ్ ఆగిపోయిందని అతనికి కంగారు పుట్టింది. మందు చల్లగా ఉండాలని గ్లోరి చెప్పిన మాట ఒక్కటే గుర్తుంది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాడు. థర్మాకోల్ పెట్టెతో సహా తీసుకెళ్ళి ఖాళీ ఫ్రీజర్ బాక్స్‌లో పెట్టి చలి పూర్తిగా పెంచాడు. తెల్లారకముందే తెచ్చి ఫ్రిజ్‌లో సర్దేశాడు.

"పాడైందని తెలిశాకైనా చెప్పలేదేం?"

"శవాల పెట్టెలో నీ మందు పెట్టానని దాని మొహం మీద ఎలా చెప్పనండి? బతుకుతాననే ఆశే పోతుంది."

లోపల్నుంచి గొంతు వినిపించింది. నీరసంగానే ఉంది, కానీ స్పష్టంగా ఉంది.

"ఏవండీ, ఆ పెట్టె అద్దెతోనే కదా ఇన్నేళ్ళూ ఇల్లు నడిపాను. దానికి నేనెందుకు భయపడతాను? ఆ పిల్ల ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చున్నారు. రేపు నాకు నయమవుతోందని మీరు చెప్పినా నేనెలా నమ్మేది?"

వేరే మందు రావడానికి నాలుగు రోజులు పడుతుందని డాక్టర్ నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"ఈలోగా గ్లోరిని డ్యూటీలోకి పిలవండి," అంది శ్రీవల్లి. "ఆ మందు ఆ పిల్ల చేత్తోనే ఎక్కించుకుంటాను."