తుప్పు చెయ్యి

"నోరు మూసుకొని ముక్కుతోని ఊపిరి తీయ్! పొయ్యి ఊదుతున్నవా, గడియారం జేస్తున్నవా?"

ఎస్తేరమ్మ గద్దింపుకు ఇస్రాయేలు అదిరిపడ్డాడు. చిమటా పట్టకారు కొసన ఉన్న మరమేకు, ఆవగింజలో సగం కూడా లేనిది, ఎటో ఎగిరిపోయింది. ఇద్దరూ చాప దులిపారు, బల్ల కింద పాకారు. చివరికి అది అతని మీసంలోనే కనబడింది.

"కదలకు," అని ఎస్తేరమ్మ చిమటాతో మెల్లగా తీసింది. తీసినంతసేపూ అతడు ఊపిరే తీయలేదు.

"ఇప్పుడు బాగ బిగబట్టినవ్. పని మీద గూడ గట్లనే బిగబట్టు."

"మీసం మీద పనైతే నువ్వే జేస్తివి గద," అన్నాడు ఇస్రాయేలు. ఆమెకు నవ్వొచ్చింది గానీ, చూపించకుండా తల వంచుకుంది.

గద్వాల కోట వెనక సందులో ఆశీర్వాదం ఇంటి ముందు గదే గడియారాల దుకాణం. జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి ఏడు, ఇస్రాయేలు పని నేర్చుకోవడానికి మానవపాడు నుంచి వచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు. రెండు నెలలు ఆకురాయితో ఇత్తడి రేకు చదును చేయడమే చదువు. తర్వాత అలారం గడియారాలు. జేబు గడియారాల దాకా వచ్చేసరికి ఏడాది గడిచింది. విప్పిన చక్రాలను పెట్రోలులో కడిగి ఆరబెట్టేది ఉస్తాద్ ఆశీర్వాదం కూతురు ఎస్తేరమ్మ. ఆమె కూర్చునేది సరిగ్గా అతని ఎదురుగానే.

మర మీసంలో దొరికిన ఆ వారమే, ఇస్రాయేలు బాగుచేసిన రాజోలి పట్వారి జేబు గడియారం తిరిగొచ్చింది. ఆశీర్వాదం మూత తీసి, కంటి అద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. లోపల ఉక్కు పట్టీ మీద ఎర్రగా తుప్పు, అదీ అచ్చం బొటనవేలి ముద్ర ఆకారంలో.

"ఇది నీ వేలే. కొందరి చెమట ఉక్కును తింటది ఇస్రాయేలూ. గసొంటోడు ఏ పనన్న జేసుకోవచ్చు, ఈ పని తప్ప."

ఇస్రాయేలు ముఖం వాడిపోయింది. "జర ఇంకొక్కసారి చూడు ఉస్తాద్."

"చూస్త. ఏడు ఉక్కు రేకులిస్త. దినానికొకటి, పని నడుమ వేలితోని ఒత్తి గాజు బుడ్డి కింద పెట్టు. పది దినాలకు తీద్దాం. తుప్పు పడితే మానవపాడు బండెక్కు."

మూడో రోజుకే మొదటి రేకు మీద ఎర్ర చుక్కలు లేచాయి. ఎస్తేరమ్మకు అన్నం సయించలేదు. అతను వెళ్లిపోతే ఎదుటి చాప ఖాళీ అవుతుంది, తిట్టడానికి కూడా ఎవరూ మిగలరు. ఆ సంగతి తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది. తను దగ్గరికొస్తే అతను అరచేతులు చొక్కాకు తుడుచుకోవడం ఆమె గమనించకపోలేదు. నాలుగో రోజు పొద్దున్నే మూట కట్టింది.

"సారమ్మత్తను చూసొస్త నాయనా. వనపర్తికి బస్సున్నది."

"ఉన్నపాటున ఏం అత్త?" అన్నాడు ఆశీర్వాదం. ఇస్రాయేలు మాత్రం ఆమె సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

పదో రోజు ఆమె తిరిగొచ్చేసరికి ఆశీర్వాదం రేకులు వరుసగా పరిచి కూర్చున్నాడు. మొదటి మూడూ తుప్పు. తర్వాతి నాలుగూ అద్దాల్లా ఉన్నాయి.

"నాలుగో దినం ఏమైందిరా?"

"తెల్వది ఉస్తాద్."

"నాకు తెలుసు. నాలుగో దినం ఎస్తేరు వనపర్తి పోయింది."

"ఎండ తగ్గింది నాయనా, అందుకే," అంది ఎస్తేరమ్మ తొందరగా.

"నాలుగో దినమే ఎండకు నా నెత్తి పగిలింది."

ఇక దాచి లాభం లేదనుకున్నాడు ఇస్రాయేలు. "ఆమె ఎదురుగుంటే చేతులు చెమటలు పడ్తయి ఉస్తాద్. పని ఇడిసిపెట్టుమంటే పెడ్త. ఆమెను చూసుడు ఇడిసిపెట్టుమంటే నాతోని గాదు."

ఆశీర్వాదం కూతురి వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు పోయినవ్?"

"ఈయన గీడనే ఉండాలెనని," అంది ఎస్తేరమ్మ. చెప్పేశాక భయమంతా పోయింది.

ఆశీర్వాదం కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టి, పగలబడి నవ్వాడు. "పెండ్లయిన కొత్తల నాకు గిట్లనే అయింది. మీ అమ్మ అన్నం తెస్తె నా చేతుల నీళ్లు కారేటియి. మా ఉస్తాద్ సుద్దపొడి రాయించేటోడు. ఆర్నెల్లకు ఆరినయి. పెండ్లి జేస్త, నీయి గూడ ఆరుతయి."

"ఆరినయంటే? పెండ్లయినంక నన్ను చూస్తే ఏమనిపియ్యదా?" ఎస్తేరమ్మ కళ్లెర్రజేసింది.

"ఆర్నెల్లు నాకు సాలవు. సుద్ద ఎక్కువ తెప్పియ్ ఉస్తాద్," అన్నాడు ఇస్రాయేలు.

క్రిస్మసుకు ముందే పెళ్లి. చర్చిలో పాదిరి అయ్యగారు చేతులు కలపమన్నారు. అతను చేయి చొక్కాకు తుడుచుకోబోతే ఎస్తేరమ్మ తుడవనీయక పట్టేసుకుంది. ఏడాదిగా అతణ్ణి గద్దిస్తూ వచ్చిన ఆమెకు, తన చేయి కూడా అంతే తడిగా ఉందని అప్పుడు తెలిసింది.