పిడి కింది ఫొటో

ఆ ఆదివారం కూడా నోరీన్ గుడ్డట్టు సింకు దగ్గర నిలబడే తింది. భోజనాల బల్ల లేక కాదు. బల్లా ఉంది, చుట్టూ ఆరు కుర్చీలూ ఉన్నాయి. కానీ బల్లంతా ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. దాని మీద పదకొండు కత్తులు, ఏడు పిస్తోళ్లు వరసగా పడుకుని ఉన్నాయి. అన్నీ రెండో ప్రపంచ యుద్ధం నాటివి. ఆ యుద్ధం ముగిసి అరవై ఏళ్లు దాటినా, ఒహాయోలో ఈ ఒక్క ఇంట్లో మాత్రం అది భోజనాల గది ఖాళీ చేయనంటోంది.

"గ్లెన్, టైమెంతయింది?"

"తొమ్మిదిన్నర." భర్త కంటికున్న భూతద్దం దించలేదు.

"టెస్ ఎన్నింటికొస్తోంది?"

"పన్నెండుకి."

"మరి ఇవి కిందికెప్పుడెళ్తాయి? వాటంతటవే మెట్లు దిగుతాయా?"

"ఈ ఒక్క ఒర చూడటం మిగిలింది నోరీన్. తోలు మీద ముద్ర సగం చెరిగిపోయింది..."

"నిన్నా ఒక్క ఒరే మిగిలింది. మొన్నా ఒక్క ఒరే. నాకేమో ఈ ఒరలు రాత్రిళ్లు పిల్లలు పెడుతున్నాయని అనుమానంగా ఉంది."

అతను నవ్వాడు. ఆ నవ్వే ఆమెకి పడదు. గొడవ పెట్టుకుందామని వచ్చినవాళ్లకి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుంటుంది.

పోయిన నెల మనవరాలు హేజెల్ ఆ ఆకుపచ్చ గుడ్డ అంచు పట్టుకుని లాగింది. నాలుగేళ్ల పిల్ల. కందకాల్లో సైనికులు వాడే కత్తి ఒకటి జారి, పిల్ల పాదానికి బెత్తెడు దూరంలో నేలలో దిగింది. కూతురు టెస్ అరవలేదు. పిల్లని ఎత్తుకుని కారెక్కింది. తర్వాత ఫోన్ చేసి, "అమ్మా, ఆదివారం నేనొచ్చేసరికి ఆ బల్ల మీద ఒక్కటి కనబడినా కోటు కూడా విప్పను. అట్నించటే వెళ్లిపోతా. మళ్లీ పిల్లని తీసుకురాను," అంది. టెస్ అన్నదంటే చేస్తుంది. నోరీన్ మాటిచ్చింది. గ్లెన్ కూడా "ఓ, దానికేం" అన్నాడు. నేలమాళిగలో ఇనప బీరువా ఉంది. తాళం అతని జేబులోనే ఉంది.

ప్లేటు కడుగుతూ నోరీన్ తన కోపాన్ని తనే పరాయిదానిలా చూసుకుంది. అది కత్తుల మీద కాదని ఆమెకి తెలుసు. తుప్పు పట్టిన ఇనుము మీద అతను అలా వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గీతా చదువుతాడే, ఆ చూపు మీద. నలభై ఏళ్లలో తన మొహాన్ని ఎప్పుడైనా అలా చదివాడా? ఇనుముని చూసి కుళ్లుకోవడం ఆమెకే సిగ్గనిపించింది. సిగ్గు వేసేసరికి కోపం ఇంకా పెరిగింది.

పదిన్నరకి చేతులు తుడుచుకుని వచ్చి, కత్తుల్ని స్నానాల తువ్వాల్లో చుట్టడం మొదలుపెట్టింది.

"అయ్యో, వేళ్లు! నోరీన్, వేలిముద్ర పడితే తుప్పొస్తుంది! నూనె రాయాలి!"

"నాకు రాయి నూనె. మోకాళ్లు పట్టేశాయి."

"అంచుకి అంచు తగలనివ్వకు, నీకు దణ్ణం పెడతా!"

"ప్రతి శనివారం సంత మైదానంలో తుపాకుల ప్రదర్శనకి పరిగెత్తేటప్పుడు ఈ దణ్ణాలేమయ్యాయి? నా మొహం చూడలేకే కదా పోతావు?"

"ఎన్నిసార్లు చెప్పను? ఇది నీ గురించి కాదు నోరీన్."

"మరెవరి గురించి? ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

అతను మళ్లీ ఒర మీదికి వంగాడు. ఎప్పుడూ ఇంతే. ఆమె బల్ల చివరనున్న చుట్టల పెట్టె తీసింది.

"అది ముట్టుకోకు." ఈసారి అతని గొంతులో నవ్వు లేదు.

అందులో ఉన్నది అతని నాన్న రే యుద్ధం నుంచి తెచ్చిన పిస్తోలు. పిడికి చెక్క బదులు గాజులాంటి ప్లాస్టిక్ ముక్క బిగించి ఉంటుంది. కూలిన విమానాల కిటికీలు కోసి సైనికులు అలా చేసుకునేవారు. దాని కింద తాము ప్రేమించిన పిల్ల ఫొటో పెట్టుకునేవారు. ఈ పిడి కింద కూడా ఒక అమ్మాయి కళ్లు చికిలించి నవ్వుతోంది. ఆ అమ్మాయి గ్లెన్ అమ్మ ఆగ్నెస్ కాదు.

ఆ పిల్లెవరని ఆగ్నెస్ బతికున్నన్నాళ్లూ అడిగింది. "అది నాది కాదు" అనేవాడు రే. "మరెవరిది, ప్రభుత్వానిదా?" అనేది ఆగ్నెస్. తర్వాత ఓ ప్లేటు పగిలేది. మెట్ల మీద కూర్చుని ఆ చప్పుడు విన్న కుర్రాడు పెద్దయ్యాక, ఫొటోలున్న పిస్తోళ్లు ఎక్కడ కనబడినా కొన్నాడు. "చూశావా, అందరూ పెట్టుకునేవాళ్లే," అనేవాడు నోరీన్‌తో. ఎవరి తరఫున వాదిస్తున్నాడో ఆమెకి ఇప్పటిదాకా తట్టలేదు.

"దీని వెనకాల ఏమైనా రాసుందా?" అంది.

"తెలీదు."

"ముప్పై ఏళ్లుగా నీ దగ్గరుంది, తెలీదా?"

"స్క్రూ తిప్పకూడదు. దాని తల మీద గాటు చూడు, ఒక్క గీత కూడా లేదు. ఆ రోజు బిగించింది బిగించినట్టే ఉంది. తిప్పని స్క్రూ అంటే విప్పని కవరులాంటిది. దాన్ని గౌరవించాలి."

"కవరు ముప్పై ఏళ్లు విప్పకపోతే దాన్ని గౌరవం అనరు గ్లెన్. భయం అంటారు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమే ఉలిక్కిపడింది. అతని మొహం పాలిపోయింది. ఆగితే మళ్లీ ధైర్యం రాదని ఆమెకి అనిపించింది. వంటింటి సొరుగులోంచి, కుర్చీలు బిగించే స్క్రూడ్రైవర్ తెచ్చింది.

"అది సైజు కాదు! గాటు పాడవుతుంది! నోరీన్!"

పాడయింది. స్క్రూడ్రైవర్ జారి, మెరిసే తల మీద తెల్లటి గీత పడింది. గ్లెన్ మూలిగాడు, తన ఒంటి మీదే గీసినట్టు. రెండో స్క్రూ కూడా వచ్చాక ప్లాస్టిక్ ముక్క ఊడి ఆమె అరచేతిలో పడింది. ఫొటో దానికే అంటుకుని ఉంది. గోటితో మెల్లగా లేపి, వెనక్కి తిప్పి, అతని ముందు పెట్టింది. నీలం సిరా. ఆడపిల్ల గుండ్రటి రాత.

'లియో, బక్కచిక్కి ఇంటికి రాకు. వస్తే గుర్తుపట్టను. నీ స్టెల్లా.'

గ్లెన్ చాలాసేపు చదివాడు. రెండు ముక్కల్ని అంతసేపు చదవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నా రెండో పేరు," అన్నాడు చివరికి.

గ్లెన్ లియో. ఆ పేరెందుకు పెట్టారని చిన్నప్పుడు అడిగితే, "మంచి పేరు కనక" అన్నాడు నాన్న. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

"పిస్తోలు నాన్నది కాదు. ఈ లియోది. వాడు తిరిగి రాలేదు, అందుకే ఆ పేరు నాకు పెట్టాడు." గ్లెన్ ఫొటోని దగ్గరికి లాక్కున్నాడు. "నాది కాదనే చెప్పాడు నోరీన్. అడిగిన ప్రతిసారీ అదే చెప్పాడు. మేమే నమ్మలేదు. నేను కూడా. ఆయన చెప్పింది అబద్ధమని తేలకూడదనే నేనీ స్క్రూ తిప్పలేదు." భూతద్దం తీసి కళ్లు తుడుచుకున్నాడు. "ఆయన ఒక్కసారి విప్పి అమ్మకి చూపిస్తే ఏం పోయేది?"

"చచ్చిపోయినవాడి ఉత్తరం విప్పి చూపిస్తే గాని పెళ్లాం నమ్మదా?" అంది నోరీన్.

అన్నాక ఆ మాట తిరిగొచ్చి తనకే తగిలింది. ఇది నీ గురించి కాదు నోరీన్. మరెవరి గురించి? ప్లేట్లు పగలగొట్టలేదు గాని, ఆమె కూడా అడిగింది ఆగ్నెస్ ప్రశ్నే. అతను నలభై ఏళ్లుగా నిజమే చెబుతున్నాడు. ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఆమె కూర్చుని నాలుగేళ్లయింది.

"నాకిదంతా ముందే చెప్పొచ్చుగా, మొద్దావతారం," అంది మెల్లగా.

"చెప్పడానికి నాకు తెలిస్తే కదా."

పదకొండున్నరకి గ్లెన్ లేచాడు. ఎనిమిదిసార్లు మెట్లు దిగి ఎక్కాడు. చివరిసారి ఒక పక్క పిడి లేని నాన్న పిస్తోలు పట్టుకెళ్లాడు. పైకొచ్చి ఇనప బీరువా తాళం నోరీన్ ఏప్రన్ జేబులో వేశాడు.

"ఆ స్క్రూ మాత్రం నాశనం చేశావు," అన్నాడు.

"తెలుసు. ఐదు ప్లేట్లు తీసుకురా."

"ఉన్నది నలుగురమేగా?"

"తీసుకురమ్మన్నానా?"

టెస్ కోటు గుండీలన్నీ పెట్టుకునే లోపలికొచ్చింది. హేజెల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బల్ల చూసింది. దాని కింద చూసింది. మూలలు చూసింది. వేడి బంగాళదుంపలు, ఐదు ప్లేట్లు. ఐదో ప్లేటులో ఉప్పుడబ్బాకి ఆనించి, కళ్లు చికిలించి నవ్వుతున్న అమ్మాయి ఫొటో.

"ఎవరు నాన్నా ఈవిడ?" కనుబొమలు ఎగరేసింది. "నీ పాత స్నేహమా?"

"నాది కాదు," అన్నాడు గ్లెన్.

టెస్ నమ్మనట్టు తల్లి వైపు చూసింది.

"అవును, ఆయనది కాదు," అంది నోరీన్. "కూర్చో, చల్లారిపోతోంది."

టెస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కోటు పై గుండీ విప్పింది.