నాలుగు మీటర్ల అనుమానం

"మేడం గారూ! పెగ్గులు మళ్ళీ నడిచెల్లిపోయాయండి!"

గవర్రాజు అరుపు విని శ్రీసత్య చేతిలో టేపు అక్కడే పడేసి పరుగెత్తింది.

ఆనందపురం జంక్షన్ నుంచి లోపలి ఊళ్ళకు పోయే స్టేట్ హైవేని వెడల్పు చేయడానికి సర్వే జరుగుతోంది. ఆ సర్వే చేస్తున్న కన్సల్టెన్సీలో శ్రీసత్య ఇంజనీరు. ఉద్యోగంలో చేరి పది నెలలైంది. గవర్రాజు ఆమె దగ్గర టేపు పట్టే మనిషి, యాభై దాటినవాడు.

తాటితోపు మలుపు దగ్గర కొత్త రోడ్డు అంచు ఎక్కడ వస్తుందో తెలియడానికి పొద్దున్నే ఎర్ర రంగు పూసిన చెక్క పెగ్గులు ఐదు పాతించింది. పక్క ఊళ్ళో భోజనం చేసి రెండింటికి తిరిగి వచ్చేసరికి ఐదూ ఉన్నాయి. పాతిన చోట మాత్రం లేవు. నాలుగు మీటర్లు లోపలికి జరిగి, బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. చివరి పెగ్గు ఏకంగా మంగాయమ్మ టీ కొట్టు గుమ్మంలోకి వచ్చేసింది.

ఇలా జరగడం ఇది రెండోసారి.

శ్రీసత్య చుట్టూ చూసింది. ఎండకు రోడ్డంతా ఖాళీ. ఒక వైపు టీ కొట్టు, అవతలి వైపు మిల్లు గోడ. తాటిచెట్ల నీడలో ఒక చేపల వ్యాను ఆగి ఉంది. దాని వెనక నుంచి ఐసు నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. గళ్ళ చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు రోడ్డు మధ్యలో నిలబడి ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. నిన్న కూడా సరిగ్గా ఈ టైముకి ఇతన్నే చూసింది.

"హలో! ఫొటోలెందుకు తీస్తున్నారు?"

"రోడ్డుకి తీత్తన్నాను."

"ఎందుకని అడుగుతున్నాను."

"రోడ్డు అందరిదీ, ఫోను నాది. మద్దిలో మీకేటండి?"

"ఇక్కడ పెగ్గులు మారిపోతున్నాయి. అందుకు."

"పట్టపగలే పెగ్గులా?" అతను కళ్ళు పెద్దవి చేశాడు. "అయితే తాగినోళ్ళనే అడగండి మరి."

గవర్రాజు కిసుక్కున నవ్వబోయి, మేడం మొహం చూసి ఆ నవ్వుని దగ్గులోకి మార్చుకున్నాడు.

అతను వ్యానెక్కుతూ తల బయట పెట్టి అన్నాడు. "నిన్న మీరు మిల్లు ఓనరు కారు దిగడం నానూ సూసేను మేడం. ఎవుల్ని అడగాలో నాకూ తెలుసు."

వ్యాను పోయింది. చేపల వాసన మిగిలింది. దాంతోపాటు మాట కూడా.

"ఎవరీ మనిషి?" అంది శ్రీసత్య మండిపడుతూ.

"ఈరేందర అనండి... వీరేంద్ర. హార్బరు నుంచి సేపలు ఏసుకుని లోపలి సంతలన్నిటికీ తిప్పుతాడు. టీ కొట్టు జాగాలో సేపల షాపు ఎట్టాలని సూత్తన్నాడని ఊళ్ళో అనుకుంటన్నారు." గవర్రాజు గొంతు తగ్గించాడు. "కొట్టు పోతే ఎనక మిగిలే జాగా ఆడిదే."

శ్రీసత్యకు అంతకంటే ఏం కావాలి? అనుమానం రాత్రికి రాత్రి తాటిచెట్టంత అయి కూర్చుంది.

*

మర్నాడు నాలుగింటికి ఉన్నట్టుండి వాన కురిసింది. శ్రీసత్య సర్వే మిషన్‌ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని మంగాయమ్మ పందిరి కిందికి పరుగెత్తింది. అక్కడ బల్ల మీద వీరేంద్ర కూర్చుని టీ తాగుతున్నాడు.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

పందిరి కారుతోంది. మిషన్ మీద ఒక చుక్క పడింది, ఇంకో చుక్క. వీరేంద్ర గ్లాసు కింద పెట్టి, మాట్లాడకుండా వానలోకి వెళ్ళి, చేపల పెట్టెల మీదున్న టార్పాలిన్ లాక్కొచ్చి మిషన్ మీద కప్పాడు. అలా కప్పుతున్నప్పుడు అతని మోచేతి నుంచి మణికట్టు దాకా పొడవాటి కుట్ల మచ్చ కనిపించింది.

"థాంక్స్" అంది శ్రీసత్య, ఆ మాటకి కూడా రసీదు అడిగేలా.

"మిషను ఏ తప్పూ సెయ్యలేదు గదండి" అన్నాడతను.

టీ కొట్టు మంగాయమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. యాభై అయిదేళ్ళ మనిషి. మాట తక్కువ. శ్రీసత్యకి టీ ఇస్తూ, "రోడ్డు ఎప్పుడేస్తారు పాపా?" అని మాత్రం అడిగింది.

"సర్వే తేలాలి కదమ్మా. మీరేం భయపడకండి. మీ కొట్టు పోకుండానే డ్రాయింగు వేశాం. రోడ్డు అవతలి వైపుకి, మిల్లు గోడ వైపుకి పెరుగుతుంది."

మంగాయమ్మ సంతోషపడలేదు. "ఓహో" అని గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్ళిపోయింది.

"ఇన్నారా?" అన్నాడు వీరేంద్ర మెల్లగా. "పైకి కొట్టు పోదంటారు. పెగ్గులు సూత్తే కొట్టు మీదకే వత్తన్నాయి. మిల్లు గోడ సల్లగుంటది. బాగుందండి మీ సర్వే."

"అవి జరిపింది నేను కాదు!"

"మరి నడిసెల్లడానికి వాటికి కాళ్ళున్నాయేటి?"

వాన తగ్గకముందే శ్రీసత్య తడుస్తూ జీపెక్కింది. తడిసిన కోపంలో కూడా ఆ కుట్ల మచ్చ ఎలా పడిందా అనే ఆలోచన రావడం ఆమెకే చిరాకు కలిగించింది.

*

శుక్రవారం పెగ్గులు మూడోసారి కదిలాయి. ఆఫీసు నుంచి మేనేజరు శ్రీరామ్మూర్తి ఫోన్ చేశారు.

"సోమవారం లోపల ఎవరో తేల్చు. లేకపోతే పోలీసు కంప్లైంటు ఇస్తాం. ఆ తర్వాత నిన్ను సైటు నుంచి తీసేస్తాం. మిల్లు ఓనరు కారెక్కావని నాకూ కబుర్లు వస్తున్నాయి, అర్థమైందా?"

శ్రీసత్యకి ఏడుపొచ్చింది. నాన్న స్టీలు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు ఒక్క మాట పడకుండా పనిచేశాడు. తను పది నెలలకే పడుతోంది.

శనివారం తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో ఉంది. బోట్ల నుంచి దిగుతున్న బుట్టలు, వేలం కేకలు, కాళ్ళ కింద నీళ్ళు. వీరేంద్ర ఐసు గడ్డల మధ్య పెట్టెలు సర్దుతున్నాడు. పక్కనే ముక్కు పుడక పెట్టుకున్న ఒకావిడ కోనేం చేపని బుట్టలోకి తోస్తూ శ్రీసత్యని పైనుంచి కింది దాకా చూసింది. ఆమె అతని తల్లి నూకాలు.

"ఎవులమ్మా నువ్వు? సేపలకొచ్చీసేవా, మావోడికొచ్చీసేవా?"

"అమ్మా!" అని వీరేంద్ర అదిలించాడు. తర్వాత శ్రీసత్య వైపు తిరిగి, "ఇక్కడికి కూడా వచ్చీసేరా? పెట్టెల్లో ఎతకండి, పెగ్గులున్నాయేమో."

"నా ఉద్యోగం పోయేలా ఉంది" అంది శ్రీసత్య. "మీరే జరుపుతున్నారని నా అనుమానం. నేనని మీ అనుమానం. ఈ రోజు పన్నెండింటి నుంచి రెండింటి దాకా ఇద్దరం ఒకే చోట కూర్చుందాం. పెగ్గులు కదలకపోతే ఆ దొంగ మనిద్దరిలోనే ఉన్నట్టు."

వీరేంద్ర చేతిలో పెట్టె కింద పెట్టాడు. అతని మొహంలో వెటకారం తగ్గింది.

"సరే. నా వేన్లో కూకుందాం. వాసనొత్తాది, మరి మీ ఇష్టం."

వెనక నుంచి నూకాలు, "బేగి ఎల్లండి, బేగి ఎల్లండి" అంది నవ్వుతూ.

*

పెగ్గులు మళ్ళీ మొదటి చోటే పాతించి, వ్యానుని తాటిచెట్ల వెనక, రోడ్డు నుంచి కనపడకుండా పెట్టారు. శ్రీసత్య చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పన్నెండున్నరకి చున్నీ తీసేసింది.

"అలవాటైపోయిందా?" అన్నాడతను.

"లేదు. ఊపిరాడటం లేదు." తర్వాత తనే మొదలుపెట్టింది. "ఆ రోజు మా జీపు పంక్చరైంది. మిల్లు ఆయన జంక్షన్ దాకా దింపాడు. అంతే."

"నాకు షాపు గీపు ఏటీ వద్దు" అన్నాడు వీరేంద్ర. "నిరుడు జూలైలో ఇదే మలుపులో నా వేను తిరగబడింది. ఎదురుగా బస్సు. మీద పడేదాకా కనబడలేదు. మంగాయమ్మ పిన్ని అద్దం పగలగొట్టి నన్ను బయటికి లాగింది." మోచేతి మచ్చ మీద చెయ్యి వేసుకున్నాడు. "అప్పట్నుంచి ఈ మలుపు ఫొటోలు తీసి సోమవారం సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇత్తన్నాను. బాగుసెయ్యండని. అలాంటిది మీరొచ్చి ఆవిడ కొట్టు మీదకే గీతలు గీత్తుంటే..."

"నేను గీయలేదు."

"ఇప్పుడు నమ్మీసేను గానండి..."

"గానీ?"

"గానీ పెగ్గులు కదలాలి మరి. కదలకపోతే మళ్ళా అనుమానమే."

శ్రీసత్యకి నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే అతను ఆమె చెయ్యి పట్టుకుని కిందికి వంచాడు. "ఉష్! ఎవులో వత్తన్నారు."

రోడ్డు మీద మంగాయమ్మ. చేతిలో గునపం.

ఆమె అటూ ఇటూ చూసింది. మొదటి పెగ్గు పీకి, అడుగులు లెక్కపెట్టుకుంటూ లోపలికి నడిచి అక్కడ దిగ్గొట్టింది. తర్వాత రెండోది. ఆయాసపడుతూ నడుం పట్టుకుని నిలబడి, మళ్ళీ మూడోదాని దగ్గరికి వెళ్ళింది.

వీరేంద్ర తలుపు తోసుకుని పరుగెత్తాడు.

"పిన్నీ! నీకేటి పిచ్చెక్కిందా? కొట్టు నీదే గదా!"

మంగాయమ్మ గునపం కింద పడేసింది. దొరికిపోయిన సిగ్గు ఒక్క క్షణమే. తర్వాత మొహం గట్టిపడింది.

"నానే పీకేను. ఏటి సేత్తారో సెయ్యండి."

"ఎందుకమ్మా?" అంది శ్రీసత్య.

"ఒరే బాబూ" అంది ఆమె వీరేంద్రతోనే. "ఆ రోజు నీకు బస్సు ఎందుకు కనబడలేదురా?"

అతను తిరిగి పందిరి వైపు చూశాడు.

"నా కొట్టు అడ్డం. నా పందిరి అడ్డం. ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడ టీ కాత్తన్నాను. ఏడుగుర్ని అంబులెన్సు ఎక్కించేను. ఇద్దరు ఎక్కకుండానే పోయేరు, నా ఒళ్ళోనే. అందరూ నన్ను దేవతంటారు. నువ్వూ అంటావు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఎలాగుంటాదో తెల్సా?"

"మరి కొట్టు తీసేయొచ్చు కదమ్మా?"

"నాను తీసేత్తే తెల్లారేసరికి ఇంకోడొచ్చి పాక ఏస్తాడు పాపా. ఈ జాగా మీంచి రోడ్డు ఎల్లిపోతే మరి ఎవులూ ఎయ్యలేరు. నువ్వేమో ముసల్దాని కొట్టు పోకూడదని జాలి పడి గీత అటు గీసేవు. ఆ జాలి నాకొద్దమ్మా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "సెప్తే ఎవులింటారు? టీ కాసుకునేదాన్ని."

శ్రీసత్య గునపాన్ని పక్కకి జరిపింది. మలుపుకి అవతల, బండి నడిపేవాడు ఉండే చోటికి నడిచి, సీట్లో కూర్చున్నంత ఎత్తుకి వంగి చూసింది. పందిరి తప్ప ఏమీ కనిపించలేదు. ఎదురుగా వచ్చిన ఆటో ముప్ఫై మీటర్ల దగ్గరికి వచ్చాక గానీ బయటపడలేదు. వారం రోజులుగా ఈ మలుపుని మిల్లీమీటర్లలో కొలిచింది. ఇక్కడ కూర్చుని ఉన్న మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు. కట్టడాలకు తగలకుండా గీత గీయమన్నారు, గీసింది.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఫోన్ తీసి అక్కడి నుంచే శ్రీరామ్మూర్తికి చేసింది.

"దొంగ దొరికాడా?" అన్నారాయన.

"దొంగ కాదు సార్, తప్పు దొరికింది. మన డ్రాయింగులో ఉంది."

*

తర్వాతి నెలంతా తగువే. కట్టడాలు తీయించాలంటే ఆలస్యమవుతుందని శ్రీరామ్మూర్తి ససేమిరా అన్నారు. శ్రీసత్య ఎంత దూరం కనిపిస్తోందో కొలిచి, కాగితం మీద పెట్టి, కింద తన పేరుతో సంతకం చేసింది. ఆ కాగితానికి వీరేంద్ర ఏడాది నుంచి తీసిన ఫొటోలు జతచేసింది. చివరికి ఆయన్ని సైటుకి రప్పించి, వీరేంద్ర పక్క సీట్లో కూర్చోబెట్టింది. మలుపులో ఎదురుగా లారీ వచ్చి వీరేంద్ర బ్రేకు తొక్కేసరికి శ్రీరామ్మూర్తి కళ్ళజోడు ఒళ్ళో పడింది. ఆ సాయంత్రమే గీత మారింది.

మంగాయమ్మకి రెండు వందల మీటర్ల అవతల, రోడ్డు తిన్నగా ఉన్న చోట బస్‌స్టాపు పక్కన జాగా ఇచ్చారు. పాత పందిరి కూలదోయడానికి ఆమె ఎవరినీ రానివ్వలేదు. మొదటి రాట తనే పీకింది. మిగతావి వీరేంద్ర, శ్రీసత్య పీకారు.

ఇంకో నెల గడిచింది. కొత్త కొట్టు ముందు సన్నటి తుంపర పడుతోంది. శ్రీసత్య బల్ల మీద కూర్చుని టీ తాగుతోంది. వీరేంద్ర వ్యాను ఆపి దిగాడు.

"మేడం, నాకో అనుమానం."

"మళ్ళీనా?"

"ఇక్కడ సర్వే అయిపోయి నెల్లాళ్ళయింది. మీ పనిప్పుడు అచ్యుతాపురం రోడ్డు మీద. అది ఊరికి ఆ కొస, ఇది ఈ కొస. సనివారం సనివారం ఇక్కడికెందుకొత్తన్నారు?"

"టీ బాగుంటుందని."

"ఈ టీయా?" అన్నాడతను.

"ఒరే!" అంది లోపలి నుంచి మంగాయమ్మ.

శ్రీసత్య గ్లాసు కింద పెట్టింది. "మీ సంత శనివారం ఒంటిగంటకే అయిపోతుంది. ఇంటికెళ్ళకుండా నాలుగింటి దాకా ఇక్కడెందుకుంటున్నారు? నాకూ అనుమానమే."

వీరేంద్ర చెవి గోక్కున్నాడు. తుంపరలో నిలబడే ఉన్నాడు.

"మీరొత్తారని" అన్నాడు చివరికి. "ఏటి, కోపమొచ్చిందా?"

"కోపం రాలేదు. నేనూ అందుకే వస్తున్నాను" అంది శ్రీసత్య. "లోపలికి రా, తడుస్తున్నావు."

మంగాయమ్మ ఇద్దరి మధ్యా రెండు గ్లాసులు పెట్టి, "ఇంత సేపు పట్టిందేటర్రా మీకు?" అని వీరేంద్ర తల మీద ఒక చెయ్యి, శ్రీసత్య తల మీద ఒక చెయ్యి వేసి వెళ్ళింది.

శ్రీసత్య అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న శివరామకృష్ణ కోనసీమ నుంచి ఉద్యోగానికొచ్చి గాజువాకలో స్థిరపడిన మనిషి. ఏదీ ఒక్కసారి చెబితే నమ్మడు.

"నాన్నా, రేపు ఒకర్ని ఇంటికి తీసుకొస్తున్నాను."

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"ఎవరు?"

"పేరు వీరేంద్ర. హార్బర్ నుంచి చేపలు తోలతాడు. సొంత వ్యాను."

అవతల కుర్చీ కిర్రుమంది. వీరేంద్ర టీ గ్లాసు పట్టుకుని కదలకుండా చూస్తున్నాడు.

"రమ్మను" అన్నాడు శివరామకృష్ణ. "కానీ నాకు సవాలక్ష అనుమానాలుంటాయి. అన్నీ మొహం మీదే అడిగేస్తాను. ఏమీ అనుకోవద్దని ముందే చెప్పు."

శ్రీసత్య వీరేంద్ర వంక చూసి నవ్వింది.

"అడగండి నాన్నా. అతను తట్టుకుంటాడు."