బోటుకు హారతిచ్చిన రోజు

తెల్లారి కుళాయి దగ్గర నుంచి రెండో బిందె తెచ్చి దించింది ఆశ. గడప మీద కూలబడింది. దేవుడి పటం వెనక ఆస్పత్రి కాగితం నాలుగు రోజులుగా అలాగే ఉంది. మేనరికం కదా అని డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. కడుపులో బిడ్డకు బుద్ధి ఎదగని జబ్బు ఉండే అవకాశం ఎక్కువగా కనబడుతోందనీ, రూఢిగా తెలియాలంటే హైదరాబాదు వెళ్లి ఉమ్మనీరు పరీక్ష చేయించాలనీ చెప్పింది.

భర్త వీరేంద్ర అప్పుడే ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చాడు. కొడుకు ముందు టీ గ్లాసు పెట్టి తవిటమ్మ మొదలెట్టింది.

“ఏటాలోచిస్తన్నావురా? హైదరాబాదూ వొద్దు, సూదులూ వొద్దు. తీయించీ. ఇంకోటి పుడతాది.”

“బాగోనేదని గట్టుమీద పారెయ్యడానికి ఇదేటి, సేపా?”

“మరి పెంచీదెవులు? నువ్వు ఐదేసి రోజులు సముద్రం మీదుంటావు. నాను పోయాక ఇది ఒక్కర్తీ ఏటి సేస్తాది?”

అత్త గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువని ఆశకు తెలుసు. వీరేంద్ర కళ్లు మూసుకుని గోడకు జారబడ్డాడు.

“సరే. రేపెళ్లి తీయించీద్దాం,” అన్నాడు నీరసంగా.

ఆశ అత్త వైపు తిరిగింది.

“అత్తా, ఆ తేదీ తప్పు.”

“ఏ తేదీ?”

“ఆఖరిసారి ఎప్పుడు బయట చేరిందని నర్సు అడిగితే మే మూడని నువ్వే సెప్పేసినావు కదా. ఆ తర్వాత ఇంకోసారి అయ్యాను. బోటు దిగిన రోజు.”

తవిటమ్మ నిలబడిపోయింది. జూన్ నడుమ వేట నిషేధం తీరి బోట్లు నీళ్లలోకి దిగిన రోజది. కొబ్బరికాయ కొట్టి బోటుకు హారతిచ్చింది ఆశే. ముట్టయిన ఆడది ఆ ఛాయలకే పోకూడదు. ఆ విడతలోనే వల చిరిగి, ఇంజను ఆగి, బోటు వట్టిగా తిరిగొచ్చింది. ఎవరి పాపమోనని తవిటమ్మ మూడు నెలలుగా తిడుతూనే ఉంది.

“ఊరంతా వొచ్చీసినారు. నువ్వు పళ్లెం సేతిలో పెట్టీసినావు. సెప్పనేకపోయాను.” ఆశ వెక్కుతూ అంది. “తేదీ తప్పయితే రక్తపరీక్ష లెక్కంతా మారిపోతాదని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. నువ్వు పక్కనున్నావని తలూపేశాను.”

వీరేంద్ర తల్లి వైపు చూశాడు.

“కడుపులోది పోతాదని తెలిసీ నోరు మూసుకున్నావంటే,” తవిటమ్మ చివరికి అంది, “నానంటే నీకంత బయమేటే?”

ఆశ తలెత్తలేదు. ఆ ముసలి చెయ్యి వచ్చి ఆమె చెంప తుడిచింది.

“లే. మొకం కడుక్కో. ఆస్పత్రికెళ్దాం, ఈసారి నర్సుతో నువ్వే మాట్లాడు. నాను బయట బల్ల మీద కూకుంటాను.”