మట్టి మొహం గుర్తుపట్టే యంత్రం

భూముఖి రెండోసారీ అదే చెప్పింది.

"ఈ మట్టి ఎర్రమడుగుపాడు పొలాల్లోది కాదు. ఈ భవనానికి ఉత్తరాన ఎనభై అడుగుల దూరంలో, క్యాంటీన్ వెనక తీసింది."

హాల్లో ఉన్న పదకొండుమంది డాక్టర్లూ ఒక్కసారిగా కళ్ళజోళ్ళు తుడుచుకోవడం మొదలెట్టారు. అద్దాల మీద మరకలుంటే యంత్రం తప్పు చెబుతుందేమో మరి.

రెండువేల నలభై మూడు నాటి సంగతి. ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మృత్తికా రసాయన విభాగమంటే మహా గొప్ప. అక్కడ పీహెచ్‌డీ కావాలంటే నలభై ఊళ్ళు తిరిగి, పొలం పొలానా మట్టి తవ్వి, సీసాల్లో పోసి, ఊరి పేరు చీటీ అంటించాలి. ఎండలో తవ్వేవాడెవడండీ? చీటీలు మాత్రం శ్రద్ధగా అంటించారు.

భూముఖిలో బ్రహ్మవిద్యేమీ లేదు. చిటికెడు మట్టి గాజు పలక మీద వేస్తే లేజర్‌తో లవణాలు కొలుస్తుంది, బ్యాక్టీరియా డీఎన్ఏ చదువుతుంది. మనుషులకి మొహాలున్నట్టే ప్రతి చెక్క నేలకీ దాని బ్యాక్టీరియా గుంపు దానికుంటుంది. మట్టి ఎన్నేళ్ళు ఎండినా ఆ గుర్తు పోదు. రాష్ట్రంలోని నేలలన్నిటి పటం దాని పొట్టలో ఉంది. ఇక దాచడానికేముంది?

ఆ రోజు వకుళ అనే అమ్మాయికి వైవా. ఆమె గైడూ, విభాగాధిపతీ అయిన పరాంకుశంగారు యంత్రం గొప్ప చూపిద్దామని ముందుగా తన థీసిస్ సీసానే బీరువాలోంచి తీసి పెట్టారు. ఏం గ్రహచారమో. తర్వాత విభాగంలోని మిగతా ముప్పై థీసిస్‌ల సీసాలూ పెట్టి చూశారు. అన్నీ క్యాంటీన్ వెనకవే.

చివరగా వకుళ సీసా. "ఎర్రమడుగుపాడు, చెంచయ్య మిరప చేను, తూర్పు గట్టు. పొటాష్ బాగా తక్కువ," అంది భూముఖి.

ఆ పిల్ల రెండు వేసవులు చెంచయ్య ఇంట్లోనే ఉండి, వాళ్ళ గంజే తాగి, నలభై ఊళ్ళూ తిరిగి తవ్వింది. ఇక క్యాంటీన్ వెనకంటారా, ఏళ్ళ తరబడి పొయ్యి బూడిద పోసిన చోటు. పొటాష్‌కి కొదవా? దాన్ని చూసే ఈ మహామేధావులు నలభై ఊళ్ళ రైతులకీ పొటాష్ వేయనక్కర్లేదని భూసార కార్డులు పంచారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళలో మిరపకాయ తాలైపోతూనే ఉంది.

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, ముప్పై ఒక్క థీసిస్‌లు ఒక మాట చెబుతున్నాయి. నీదొక్కటీ ఇంకోటి చెబుతోంది. దీన్ని సైన్స్‌లో ఏమంటారు?"

"మీరే చెప్పండి సార్."

"అసాధారణ నేల అంటారు. ఆ నలభై ఊళ్ళదీ అసాధారణ నేల అని చివర్లో ఒక్క వాక్యం రాయి. మధ్యాహ్నానికి డాక్టర్‌వి."

యంత్రం అబద్ధం చెప్పిందా అని వకుళ అడిగింది. యంత్రానికి పీహెచ్‌డీ లేదు కదమ్మా అన్నారాయన. తర్వాత అందరూ ఆనవాయితీ ప్రకారం ఆమె తెప్పించిన జీడిపప్పు ఉప్మాకి లేచారు. ఐదేళ్ళ చదువు, ఖాయమైన లెక్చరర్ ఉద్యోగం ఒక పక్క. ఒక వాక్యం ఇంకో పక్క. వాళ్ళు చేతులు కడుక్కొచ్చేసరికి రాసేసింది.

నాలుగు నెలలకి నలభై ఊళ్ళకీ విశ్వవిద్యాలయం నోటీసులు వెళ్ళాయి. మీ నేల అసాధారణమైనది, సరిచేసుకునేదాకా సర్టిఫైడ్ విత్తనం ఇవ్వబడదు. కింద డాక్టర్ వకుళ సంతకం.

చెంచయ్య ఆ కాగితం పట్టుకుని ఆమె గదికి వచ్చాడు. ఆమె లేచి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. కాగితాన్ని వెలుగుకేసి పట్టుకుని కాసేపు చూశాడు.

"సంతకం గుండ్రంగా, బాగుందమ్మా," అన్నాడు. "ఇప్పుడు మేం మా నేలని ఎక్కడికి తీసుకుపోయి మార్చుకు రమ్మంటావు?"