కలపని సీసా

మూలికల మౌత్‌వాష్ తయారుచేసిన పెద్దాయన్ని తన క్లినిక్‌లోనే, పేషెంట్లు కూర్చునే కుర్చీలోనే కాల్చి చంపారు. సైలెన్సర్ వాడారు. పక్క గదిలో పన్ను పీకించుకుంటున్నవాడికి కూడా వినపడలేదు.

కాసేపటికల్లా ఏజెంట్ ముప్పైరెండు చీఫ్ ముందు నిలబడ్డాడు.

"నీకు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందటగా?"

"బ్రష్ చేసినప్పుడల్లా సార్."

"మంచిది. మేకప్ ఖర్చు తప్పింది. పేషెంటుగా వెళ్ళు."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. వేప, తులసి, లవంగం కలిపిన కషాయం అది. చిగుళ్ళను తినేసే సూక్ష్మజీవుల్ని కెమికల్ మౌత్‌వాష్‌కి దీటుగా అణుస్తోందని ట్రయల్లో తేలుతోంది. పైగా పళ్ళు గారపట్టడం లేదు. విదేశీ సిండికేట్ ఒకటి దాన్ని మొగ్గలోనే తుంచెయ్యాలని చూస్తోంది. ఆఖరి రోజు వాలంటీర్లు ప్రెస్ ముందు పుక్కిలిస్తారు. ఆ సీసాలో విషం పడితే చావులు ఖాయం. ఆపైన మూలికల పేరెత్తేవాడు ఉండడు.

"ట్రయల్ నడిపే డాక్టర్ మన మనిషే. కోడ్‌నేమ్ లవంగం. సిండికేట్ ఆమెను తమ మనిషి అనుకుంటోంది. 'జ్ఞానదంతం వచ్చిందా?' అంటుంది. 'రాదనుకుంటా' అను."

క్లినిక్‌లో ఆమె మాస్క్ తీసేసరికి ముప్పైరెండు కోడ్‌వర్డ్ మరిచిపోయాడు.

"జ్ఞానదంతం వచ్చిందా?" రెండోసారి అడిగింది.

"రాదనుకుంటా."

"నాకూ అలాగే అనిపిస్తోంది," అని నవ్వింది.

ఏ సీసా అయినా సరే, పోసేముందు ఆమె బాగా కుదిపేది. అడుగున మందు, పైన నీళ్ళు, కలపకపోతే పుక్కిలించినా దండగే అనేది. జ్యూస్ సీసా, దగ్గుమందు, ఆఖరికి మంచినీళ్ళ బాటిల్ కూడా కుదిపేది. అతను ఆటపట్టిస్తే, "చేతికి అలవాటైపోయింది, ఏం చెయ్యను?" అనేది. వారాలు గడిచేకొద్దీ రక్తం తగ్గింది. చిగుళ్ళు గట్టిపడ్డాయి కానీ మనిషి మెత్తబడ్డాడు. ఈ పని అయ్యాక ఉద్యోగం మానేస్తాను, పెళ్ళి చేసుకుందాం అన్నాడు. ఆమె తల దించుకుని చేతిలో సీసాను కుదుపుతూనే ఉంది. దాన్ని అతను సిగ్గనుకున్నాడు.

ఆఖరి రోజు వచ్చింది. హాలు నిండా కెమెరాలు, వరసగా వాలంటీర్లు. చివరి కుర్చీలో ఉన్న ముప్పైరెండుకి ఆమె ముందే ఒక కప్పు చేతికిచ్చి వెళ్ళింది. తర్వాత కొత్త సీసా మూత తీసి, మిగతావాళ్ళ కప్పుల్లో పోస్తూ వచ్చింది.

కుదపలేదు.

ఇన్ని వారాల్లో ఆమె చెయ్యి ఎన్నడూ మరిచిపోని పని అది.

"ఎవరూ నోట్లో పోసుకోకండి," అని కేకవేసి, "తలుపులు మూసెయ్యండి," అన్నాడు కాలర్ మైక్‌లో. అందరూ ఆగారు. పక్క కుర్చీలో ఉన్న బామ్మకు చెవుడు. పెదాల దాకా వెళ్ళిన ఆవిడ కప్పును చేత్తో కొట్టి పడేశాడు. తలుపు దగ్గర సిండికేట్ మనుషులు ఇద్దరు దొరికిపోయారు.

అతను మైక్ ఊడబెరికి ఆమె దగ్గరికి నడిచాడు.

"కలపలేదేం?"

"అందులో మందు లేదుగా," అంది ఆమె, తన చేతుల వంక చూసుకుంటూ.

"ఎప్పట్నుంచి వాళ్ళతో?"

"నువ్వు రాకముందు నుంచే. నువ్వొస్తావని తెలిసుంటే ఒప్పుకునేదాన్ని కాదు."

బేడీలు అతనే వేశాడు. ఏడుపును పంటి బిగువున ఆపుకుని తన కుర్చీ దగ్గరికి వచ్చాడు. అప్పుడు చూశాడు తన కప్పులోకి. గోధుమరంగు కషాయం. మడ్డి ఇంకా అడుక్కి దిగలేదు. అతని ఒక్కడికోసం పాత సీసా తీసి, బాగా కుదిపి పోసింది. ఇక ఏడుపు ఆగలేదు.

సాయంత్రం చీఫ్ కెమెరా ఫుటేజీ చూసి అడిగాడు. "నీ కప్పేదయ్యా? నీకొక్కడికే మంచిది పోసిందంటే అంతా తెలిసే చేసిందన్నమాట. అసలు సాక్ష్యం అదే. ల్యాబ్‌కి పంపాలి."

"లేదు సార్. నోట్లో పోసుకున్నాను."

"ఉమ్మింది ఎక్కడ?"

"మింగేశాను."

చీఫ్ తల పట్టుకున్నాడు. "మౌత్‌వాష్‌ని పుక్కిలించి ఉమ్మెయ్యాలయ్యా. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు సార్. మనసొప్పలేదు."